జామ్ రౌండ్ నుంచి ప్రపోజల్ టీమ్ దాకా: బిజినెస్ కమ్యూనికేషన్‌తో నా రెండేళ్లు

బి.కామ్‌లో మాకు బిజినెస్ కమ్యూనికేషన్ అని ఒక పేపర్ ఉండేది. కమ్యూనికేషన్‌కి అడ్డంకులు, ఉత్తరంలో ఉండే భాగాలు, రిపోర్టుల్లో రకాలు అన్నీ గైడులోంచి కంఠతా పట్టి 71 మార్కులు తెచ్చుకున్నాను. ఆ పేపర్ కోసం సొంతంగా ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. దాని ఫలితం 2023 జూన్‌లో విజయవాడలో ఒక జాబ్ మేళాలో తెలిసొచ్చింది. జామ్ (జస్ట్ ఎ మినిట్) రౌండ్ అన్నారు. ఇచ్చిన టాపిక్ మీద ఒక్క నిమిషం ఆగకుండా ఇంగ్లిష్‌లో మాట్లాడాలి. నాకు వచ్చిన టాపిక్ 'మీ ఊరు'. పుట్టి పెరిగిన గుంటూరు గురించి ఇరవై సెకన్లు మాట్లాడి ఆగిపోయాను. ఎదురుగా ఉన్న ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. 'థాంక్యూ' అని తర్వాతి పేరు పిలిచింది. బస్సులో ఇంటికొచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను, పక్కావిడకి నా కళ్ళు కనపడకూడదని.

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. ఇరవై రెండేళ్లుగా అదే కొట్టు. హైదరాబాద్ వెళ్లి కోర్సు చేస్తానంటే ఖర్చెంత అని కూడా అడగలేదు. షావుకారు దగ్గర 50 వేలు చేబదులు తెచ్చి, కవరులో పెట్టి ఇచ్చాడు. ఆ కవరు నా దగ్గర ఇంకా ఉంది.

జూలై 10, 2023న అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మూడు నెలల కోర్సు, ఫీజు 22 వేలు అన్నారు. బేరమాడితే 18 వేలకి వచ్చారు, రెండు వాయిదాల్లో. నాలాగా వెళ్లేవాళ్లకి మొదట ఇది చెప్పాలి: అక్కడ ఫీజు అడగగానే చెప్పే అంకె అసలు అంకె కాదు. బ్యాచ్‌కి పాతికమందే అని చెప్పారు. వెళ్లి చూస్తే అరవైమందిమి, కొందరం గోడకి ఆనుకుని నిలబడ్డాం. 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అంటే ఉద్యోగాల లింకులు పడే ఒక వాట్సాప్ గ్రూప్ అని మూడో వారంలో అర్థమైంది. డబ్బు కట్టే ముందు ఒక్కరోజు క్లాసులో కూర్చోనివ్వమని అడగండి. కూర్చోనివ్వకపోతే ఇంకోచోటు చూసుకోండి. నేను అడగలేదు.

ఎస్.ఆర్.నగర్‌లో హాస్టల్, నెలకి 6,500. రూమ్‌కి నలుగురం. మొదటి నెల పాఠాలన్నీ గ్రామరే. టెన్సులు, ఆర్టికల్స్, ప్రిపోజిషన్లు. అవి అవసరమే, కాదనను. కానీ బిజినెస్ కమ్యూనికేషన్ అంటే మంచి ఇంగ్లిష్ అనే అపోహ నాలో ఇంకా గట్టిపడింది ఆ నెలలోనే. రాత్రిళ్లు డిక్షనరీ ముందేసుకుని పెద్ద పెద్ద మాటలు నోట్‌బుక్‌లో ఎక్కించుకునేదాన్ని.

ఆగస్టు రెండో వారంలో రైటింగ్ చెప్పడానికి ఒక మేడమ్ వచ్చారు. చాలాకాలం ఒక కంపెనీలో కార్పొరేట్ కమ్యూనికేషన్స్‌లో పనిచేసి మానేసిన ఆవిడ. మొదటిరోజే ఒక పని ఇచ్చారు. ఆఫీసుకి 40 కుర్చీలు ఆర్డర్ చేశాం, 32 వచ్చాయి, సోమవారం ట్రైనింగ్ మొదలవుతుంది, సప్లయర్‌కి మెయిల్ రాయండి. నేను చాలా శ్రద్ధగా రాశాను. 'విత్ రిఫరెన్స్ టు ద అబౌవ్ సబ్జెక్ట్, ఐ వుడ్ లైక్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్' అని మొదలుపెట్టి 'కైండ్‌లీ డు ద నీడ్‌ఫుల్ అండ్ ఆబ్లైజ్' అని ముగించాను. 126 మాటలు. మేడమ్ చదివి, కాగితం నా చేతికే ఇచ్చి అడిగారు:

"ఇది చదివే మనిషి గోడౌన్‌లో నిలబడి ఫోన్‌లో చూస్తున్నాడు. చుట్టూ లోడింగ్ జరుగుతోంది. నీ ఎనిమిది కుర్చీలు అతనికి ఎక్కడ కనిపిస్తాయి?"

వెతికాను. నాలుగో లైన్లో ఉన్నాయి. సోమవారం అన్న మాట చివరి లైన్లో ఉంది. డెలివరీ అడ్రస్ అసలు లేనే లేదు. ఆ మెయిల్ నాలుగుసార్లు తిరగరాయించారు. నాలుగోసారికి 38 మాటలు మిగిలాయి. సబ్జెక్ట్ లైన్లోనే 'ఎనిమిది కుర్చీలు తక్కువ వచ్చాయి, శుక్రవారంలోగా కావాలి' అన్న అర్థం వచ్చేలా రాశాను. గ్రామర్ తప్పు మొదటి మెయిల్లోనూ లేదు, చివరి మెయిల్లోనూ లేదు. మారింది చదివే మనిషి కనపడటమే. ఆరోజు హాస్టల్‌కి వెళ్లి ఆ పెద్ద మాటల నోట్‌బుక్ మూసేశాను.

ఆవిడకి ఇంకో అలవాటు ఉండేది. మా మెయిళ్లలో 'ఐ', 'వి' తో మొదలయ్యే వాక్యాలు ఎన్ని, 'యు' తో మొదలయ్యేవి ఎన్ని అని పెన్సిల్‌తో లెక్కపెట్టి పైన రాసేవారు. నాకు 9-1 వచ్చింది. చదివేవాళ్ల వైపు నుంచి రాయడాన్ని పుస్తకాల్లో 'యు యాటిట్యూడ్' అంటారు. క్లియర్, కన్సైజ్, కర్టియస్ అని ఇంగ్లిష్ 'సి' అక్షరంతో మొదలయ్యే సెవెన్ సీస్ ఉంటాయి కదా, డిగ్రీలో అవి ఏడూ గడగడా చెప్పేదాన్ని. ఆ పెన్సిల్ అంకె పడేదాకా ఒక్కటీ ఒంటబట్టలేదు.

సెప్టెంబర్ మొదట్లో చెడువార్త చెప్పే ఉత్తరాలు నేర్పారు. నాకు ఈ చదువు మొత్తంలో ముఖ్యమైన ఘట్టం ఇదే. పుస్తకం ప్రకారం ముందు ఒక మెత్తని మాట, తర్వాత కారణం, ఆ తర్వాత 'కుదరదు' అని, చివర మళ్లీ ఒక మంచి మాట. మూడు ఉత్తరాలు రాసుకుని, రాత్రి నాన్నకి ఫోన్ చేసి తెలుగులో చెప్పి వినిపించాను. నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇలా అన్నాడు:

"రైతు ఫోనెత్తితే రేటు కోసమే ఎత్తుతాడమ్మా. నేను ఎగుమతుల గురించీ, వాన గురించీ మొదలుపెడితే ఒక్క ముక్క చెవికెక్కదు. అతని గుండె దడదడలాడుతుంటుంది. ముందు రేటు చెప్తాను. చెప్పి కాసేపు ఆగుతాను. ఆ మనిషి ఊపిరి తీసుకున్నాక ఎందుకో చెప్తాను. ఆఖర్న డబ్బు ఏ రోజు చేతికొస్తుందో చెప్తాను. అది మాత్రం మర్చిపోకూడదు."

మర్నాడు క్లాసులో ఇది చెప్తే మేడమ్ బోర్డు తుడిచి మళ్లీ మొదలుపెట్టారు. ఎదుటి మనిషి జవాబు కోసం కాచుకుని ఉంటే ముందు జవాబే చెప్పాలి, అనుకోని దెబ్బ అయితే ముందు ఒక మెత్తని వాక్యం పెట్టొచ్చు, ఒక్కటే, అంతకుమించి వద్దు అన్నారు. పనిలో పడ్డాక నేను పూర్తిగా నాన్న వైపే. మెత్తని మాట నాలుగు లైన్లకి సాగిందంటే చదివేవాళ్లకి అది దాపరికంలాగే ఉంటుంది.

కోర్సుతోపాటు ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్ కోర్సులు పెట్టే ఎన్‌పీటీఈఎల్‌లో సాఫ్ట్ స్కిల్స్ మీద 8 వారాల కోర్సు కూడా చేశాను. పాఠాలు ఉచితం, అప్పట్లో పరీక్ష రాస్తేనే 1,000 రూపాయలు. వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది. ఎనిమిదింటిలో బాగా వచ్చిన ఆరు తీసుకుని 25 మార్కులకి లెక్కేస్తారు, పరీక్ష 75 కి. పరీక్ష ఇంట్లో కాదు, సెంటర్‌కి వెళ్లి కంప్యూటర్ మీద రాయాలి. సెప్టెంబర్ ఆఖర్న రాశాను, పాసయ్యాను. ఇంటర్వ్యూల్లో దాని గురించి ఎవరూ పెద్దగా అడగలేదు, కానీ రెజ్యూమేలో ఐఐటీ పేరు చూసి ఇద్దరు మాత్రం కాగితం తిప్పి చూశారు. వెయ్యి రూపాయలకి నష్టం లేదు.

అక్టోబర్ నుంచి ఇంటర్వ్యూలు. ఇది చాలా కష్టమైన కాలం. 31 చోట్ల అప్లై చేస్తే తొమ్మిది చోట్ల నుంచి పిలుపొచ్చింది. చాలా కంపెనీల్లో మనిషికంటే ముందు మెషీన్ వింటుంది. నేను రాసింది వెర్సాంట్ టెస్ట్. హెడ్‌సెట్ పెట్టుకుని వాక్యాలు చదవాలి, విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి, అటూఇటూ చేసిన మూడు ముక్కల్ని వాక్యంగా కూర్చాలి, చిన్న కథ విని మళ్లీ చెప్పాలి. పావుగంటలో అయిపోతుంది. మొదటిసారి హాస్టల్ రూమ్‌లో, ఫ్యాన్ కింద, ఫోన్‌తో వచ్చిన మామూలు ఇయర్‌ఫోన్స్‌తో రాశాను. వాళ్లు పెట్టిన కటాఫ్ దాటలేదు. అదే వారం 1,150 పెట్టి మైక్ ఉన్న హెడ్‌సెట్ కొన్నాను. రెండోసారి వేరే కంపెనీకి, ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి, ఫ్యాన్ ఆపేసి, తలుపు సందులో దుప్పటి కుక్కి రాశాను. రూమ్మేట్లు ముగ్గురూ నాకోసం ఊపిరి బిగబట్టుకుని పడుకున్నారు. పాసయ్యాను. యాస మార్చుకోవాలని చాలామంది యూట్యూబ్ చూసి నోరు తిప్పుకుంటారు. నా యాస మొదటిసారీ రెండోసారీ గుంటూరుదే. నేను మార్చుకున్నవి వేగం, వాక్యం చివర మింగేసే అలవాటు, ఈ రెండే.

ఆ తర్వాత రాతపరీక్ష, మేనేజర్ ఇంటర్వ్యూ, హెచ్.ఆర్. రౌండ్. డిసెంబర్ 14న చివరి రౌండ్ అయ్యింది. 'టూ వర్కింగ్ డేస్' అన్నారు. 23 రోజులు పట్టింది. ఆ ఇరవై మూడు రోజులూ ఫోన్ మోగితే చాలు టెన్షన్. అమ్మ ఫోన్ చేసి 'ఏమైందమ్మా' అని అడగడం మానేసి 'తిన్నావా' అని మాత్రమే అడిగేది. జనవరి 6, 2024 సాయంత్రం ఆఫర్ లెటర్ వచ్చింది. అప్పటికి నా లెక్క ఇది: ఫీజు 18 వేలు, ఏడు నెలల హాస్టల్ 45,500, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ 16 వేలు, ఇంటర్వ్యూ బట్టలు 3,400, పరీక్ష, హెడ్‌సెట్, మెట్రో, జిరాక్సులు అన్నీ కలిపి సుమారు 92 వేలు. ఇంతవుతుందని ముందు ఎవరైనా చెప్పి ఉంటే ల్యాప్‌టాప్ ఇంటి దగ్గరే, నిదానంగా చూసి కొనుక్కునేదాన్ని.

జనవరి 29న చేరాను. అమెరికాలోని ఒక ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ కస్టమర్లకి మెయిళ్లలో జవాబిచ్చే పని. ఆఫర్ లెటర్లో ఏడాదికి 2 లక్షల 64 వేలు అని ఉంటే నెలకి 22 వేలు అనుకున్నాను. ఖాతాలో పడింది 17,400. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ అన్నీ ఆ 2.64 లోనే కలిపి చూపిస్తారు. సంతకం పెట్టేముందు 'చేతికి ఎంతొస్తుంది' అని సూటిగా అడగండి, చెప్తారు. నైట్ షిఫ్ట్, రోజుకి 60 మెయిళ్లు.

బయట చాలామంది దీన్ని చిన్న ఉద్యోగం అంటారు. నేను రాయడం నేర్చుకుంది ఇక్కడే. రోజుకి అరవైమంది కోపం, కంగారు, దిగులు చదివి, ఎవరికి ముందు ఏం కావాలో అర నిమిషంలో తేల్చుకోవాలి. ఏప్రిల్‌లో ఒకావిడ రాసింది. కొడుకు పుట్టినరోజు శనివారం, పార్సిల్ ఇంకా రాలేదు. మాకు ముందే రాసిచ్చిన జవాబు, అంటే మా టెంప్లేట్, 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ బాధ మాకు అర్థమైంది' అని మొదలవుతుంది. నేను మొదటి వాక్యంలోనే 'పార్సిల్ శనివారానికి రాదు, సోమవారం వస్తుంది' అని రాసి, రెండో వాక్యంలో క్షమాపణ చెప్పి, మూడోదాంట్లో కావాలంటే ఈరోజే డబ్బు వెనక్కిస్తామని, అప్పుడు దగ్గర్లోని షాపులో కొనుక్కోవచ్చని రాశాను. క్వాలిటీ ఆడిట్‌లో క్షమాపణ మొదట లేదని మార్కులు కోశారు. ఆ రాత్రి చాలా బాధపడ్డాను. రెండు రోజులకి ఆవిడ నుంచి జవాబొచ్చింది: ముందే చెప్పినందుకు థాంక్స్, వేరే బొమ్మ కొన్నాను అని. మా టీమ్ లీడ్ ఆ మెయిల్ పట్టుకుని వెళ్లి క్వాలిటీ వాళ్లతో మాట్లాడింది. మార్కులు తిరిగి రాలేదు. కానీ ఆలస్యం కేసులకి టెంప్లేట్ మారింది, తేదీ పైకొచ్చింది.

ఈ చదువు ఎక్కడెక్కడికి తీసుకెళ్తుందో మా రూమ్‌లోనే కనిపించింది. కరీంనగర్ అమ్మాయి హెచ్.ఆర్. కన్సల్టెన్సీలో రిక్రూటర్ అయ్యింది. రోజంతా కొత్తవాళ్లకి ఫోన్లు, నెలాఖరుకి టార్గెట్. మాట కలపడం ఇష్టమైన వాళ్లకి బాగుంటుంది, మొహమాటస్తులకి నరకం అంటుంది. అనంతపురం అమ్మాయి టెక్నికల్ రైటర్ అయ్యింది, అంటే ఒక వస్తువునో సాఫ్ట్‌వేర్‌నో ఎలా వాడాలో రాసే పని. దానికి తను పట్టిన దారి అందరికీ చెప్పదగ్గది. గూగుల్ వాళ్లు ఉచితంగా పెట్టిన టెక్నికల్ రైటింగ్ పాఠాలు చదివి, ఎలా రాయాలో చెప్పే మైక్రోసాఫ్ట్ స్టైల్ గైడ్ ఆన్‌లైన్‌లోనే చూసుకుంటూ, హాస్టల్ వాషింగ్ మెషీన్‌కి రెండు పేజీల వాడకం గైడు రాసింది. రాసి వార్డెన్ గారి చేతికిచ్చి, దాని ప్రకారం ఉతకమని, ఆవిడ ఎక్కడెక్కడ ఆగిపోయిందో చూసి దిద్దింది. ఇంటర్వ్యూలో అదే చూపించింది. సర్టిఫికెట్లు అడగలేదట, ఎక్కడ ఏం దిద్దావు, ఎందుకు దిద్దావు అని ముప్పావుగంట అడిగారట. నాలుగో అమ్మాయి మూడు నెలలకే ఇంటికెళ్లిపోయింది. పెళ్లి కుదిరింది. మా అందరిలోకీ బాగా మాట్లాడేది తనే.

2025 ఫిబ్రవరికి నాకు ఏడాది నిండింది. మా కంపెనీలో ఏడాది దాటితేనే లోపలి ఉద్యోగాలకి అప్లై చేయనిస్తారు. ప్రపోజల్ టీమ్‌లో ఒక ఖాళీ ఉందని నోటీసు వచ్చింది. పెద్ద కంపెనీలు పని అప్పగించే ముందు 'మాకు ఇది కావాలి, మీరెలా చేస్తారో రాయండి' అని ఆర్‌ఎఫ్‌పీ పంపుతాయి. దానికి జవాబు రాసే పని. బి.కామ్ చదివిన వాళ్లకి ఇలాంటి ఉద్యోగం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంటర్వ్యూకి ముందు రెండు రోజులు ఇంటికెళ్లాను. యార్డులో అది చాలా గడ్డుకాలం. మిర్చి ధర పడిపోయింది. రైతుల్ని ఆదుకునే ధరగా కేంద్రం క్వింటాల్‌కి 11,781 రూపాయలు ప్రకటించింది, అదే నెలలో. అంతకుముందు మంచి రేట్లు చూసిన రైతులకి ఆ అంకె వింటేనే నోట మాట రావడం లేదు. నాన్నతో కొట్టుకి వెళ్లాను. మిర్చి బస్తాల, అదే టిక్కీల మధ్య స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాడు. "అన్నా, తేజ రకం పదకొండున్నర వేలు పలికింది" అని ఆగాడు. అవతలి నుంచి మాట లేదు. నాన్న ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, చేత్తో లెక్కపుస్తకం అంచు నిమురుతూ అలాగే కూర్చున్నాడు. 'హలో' అనలేదు, తొందరపెట్టలేదు. చాలాసేపటికి అటు నుంచి ఏదో వినపడింది. "ఊఁ... నిజమే అన్నా" అని, అప్పుడు మెల్లగా కారణం, నాసిరకం తాలుకాయ ఎంత పోయిందో, డబ్బు బుధవారం వస్తుందని చెప్పాడు. ఫోన్ పెట్టేసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఘాటుకి నా కళ్ళూ మండుతున్నాయి.

ఇంటర్వ్యూలో రాతపని ఇచ్చారు. ప్రాజెక్టు ఆరు వారాలు ఆలస్యం అవుతోంది, క్లయింట్‌కి మెయిల్ రాయి, ఇరవై నిమిషాలు. నాన్న వరసలోనే రాశాను. ఆరు వారాలు, కొత్త తేదీ, కారణం, వాళ్ల చేతికి ముందుగా ఏమివ్వగలమో. ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. మార్చి 11న సెలక్ట్ అయ్యావన్నారు. ఏప్రిల్ 1 నుంచి కొత్త టీమ్, పగటి షిఫ్ట్, ఏడాదికి 4 లక్షల 20 వేలు. షావుకారు అప్పులో మిగిలిన 12 వేలు మే నెలలో తీర్చేశాం.

నా మొదటి ఆర్‌ఎఫ్‌పీ 140 పేజీలు. ముందు దాన్ని విడదీసి, వాళ్లడిగిన ప్రతి ముక్కా ఎక్సెల్‌లో ఒక్కో వరుసగా ఎక్కించాలి, 212 వరుసలు వచ్చాయి. ఏ వరుసకి ఎవరు జవాబిస్తారో రాసుకుని వాళ్ల వెంటపడాలి. ఈ పనిలో రాయడం సగమే, మిగతా సగం ఇంజనీర్ల దగ్గర, ఫైనాన్స్ వాళ్ల దగ్గర నిలబడి సమాధానం రాబట్టడం. మొదట్లో పెట్టే సారాంశం, అంటే ఎగ్జిక్యూటివ్ సమ్మరీ రాసి, పెన్సిల్ తీసుకుని నేనే లెక్కపెట్టుకున్నాను: మా కంపెనీ పేరు 14 సార్లు, క్లయింట్ పేరు మూడు సార్లు. మళ్లీ రాశాను. జవాబు అప్‌లోడ్ చేసే పోర్టల్ మే 23న మూసేస్తారు. ఆ టైమ్ మన టైమ్ కాదు, క్లయింట్ ఊరి టైమ్ అని మధ్యాహ్నం గమనించాం. ఇంకో పదకొండు నిమిషాలుందనగా అప్‌లోడ్ అయ్యింది. చేతులు వణికాయి. ఇప్పుడు ప్రతి ఆర్‌ఎఫ్‌పీకి మొదటిరోజే ఆ గడువుని మన టైమ్‌లోకి మార్చి ఎక్సెల్ మొదటి వరుసలో ఎర్రగా రాసిపెడుతున్నాను.

ఏడు వారాలు ఎదురుచూశాం. జూలై 11న జవాబొచ్చింది. 'ఈసారి మీకు ఇవ్వడం లేదు' అని మొదటి వాక్యంలోనే ఉంది. తర్వాత రెండు కారణాలు, చివర మళ్లీ ఎప్పుడు పిలుస్తారో నెలతో సహా. సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి తెలుగులో చదివి వినిపించాను. కాసేపు ఆగాడు.

"బానే రాశాడమ్మా," అన్నాడు. "ఇంకోటి ఎప్పుడు పంపాలి?"

ఆగస్టు 8 అని చెప్పాను.